కంపెనీ డ్రెస్సు పైసలు ఎవరియ్యాలె?

సంఘం అప్పు పుస్తకంలో "అప్పు దేనికి" అనే గడి ఒకటుంటుంది. మొదట్లో ఆ గడిలో విత్తనాలు, బర్రె, దవాఖాన, పిల్లల ఫీజు, బిడ్డ పెండ్లి అని రాసుకునేవాళ్లం. ఇంద్రేశం, పాశమైలారం, ముత్తంగి, ఇస్నాపూర్ దిక్కు కంపెనీ పనికి పోయే సభ్యులు పెరిగినంక అందులోకి ఇంకో మాట వచ్చింది: "కంపెనీ డ్రెస్సు, బూట్లు". మొదటి నెల జీతం చేతికి రాకముందే పడే ఖర్చు ఇది. రెండు జతల డ్రెస్సు, బూట్లు కలిపి పదిహేను వందలు అనుకుందాం. నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా నెలకు పదిహేను రూపాయలే. మొత్తం చిన్నదే కావచ్చు. కానీ మనం వారం వారం కూడబెట్టిన పొదుపు, కంపెనీ పెట్టాల్సిన ఖర్చుకు పెట్టుబడి అవుతున్నదా అన్నది చిన్న ప్రశ్న కాదు. అందుకే ఈ నివేదికలో ఆ ప్రశ్న వెనకున్న చరిత్ర రాయాలనుకున్నాం.

ముందే ఒక మాట. "పని డ్రెస్సు ఖర్చంతా యజమానిదే" అని ఒక్క వాక్యంలో తేల్చి చెప్పిన చట్టం మన దేశంలో ఎన్నడూ లేదు. అట్లని చట్టం ఏమీ చెప్పలేదనీ కాదు. ముక్కలు ముక్కలుగా, ఒక్కో కాలంలో ఒక్కో కారణంతో చెప్పింది. ఆ ముక్కలను కలిపి చూస్తేనే మనకు ఎక్కడ హక్కుందో, ఎక్కడ సందుందో తెలుస్తుంది.

పని చేయించుకునేవాడు బట్ట ఇవ్వడం మన ఊళ్లకు కొత్త కాదు. ఏడాది జీతానికి కుదిరిన మనిషితో ధాన్యం ఇంత, గొంగడి ఒకటి, చెప్పుల జోడు ఒకటి అని ముందే మాట్లాడుకునేవాళ్లు. గొంగడి లేకుంటే వానల పొలం కాడికి, రాత్రి బాయి కాడికి పోయేదెట్ల? ఆ పద్ధతిని మెచ్చుకోవడానికి ఇది చెప్తలేము. జీతగాండ్ల బతుకు అప్పుకు కట్టుబడిన బతుకు. వెట్టి చేసినవాళ్లకు ఆ గొంగడి కూడా దక్కలేదు. ఆడవాళ్లకైతే పండుగకు దొరసాని కట్టి విడిచిన పాత చీరే. అయినా, పనికి కావాల్సిన బట్ట పనిలో భాగం అనే లెక్క ఊరికి తెలుసు. సర్కారు కచేరీలో బిళ్ల బంట్రోతు వేసుకునే డవాలీ కూడా సర్కారుదే.

ఈ లెక్క తారుమారైంది ఫ్యాక్టరీలు వచ్చినంక. ఇంగ్లండులో మేజోళ్లు అల్లే పనివాళ్లు యజమాని మగ్గం మీద యజమాని నూలుతోనే అల్లేవాళ్లు. ఆ మగ్గానికి అద్దె అని వాళ్ల కూలీలోంచి కోసేవారు. పని లేని వారం కూడా అద్దె తప్పేది కాదు. కూలీకి బదులు యజమాని దుకాణంలో సరుకులు ఇచ్చే పద్ధతిని ఆపడానికి 1831లో ట్రక్ చట్టం వచ్చింది. మగ్గం అద్దె కోతను ఆపే చట్టం మాత్రం 1874 దాకా రాలేదు. పనిముట్టు ఖర్చు పనివాడి మీద వేయొద్దు అనే ముక్కను అర్థం చేసుకోవడానికి ఆ దేశానికే ఇన్నేండ్లు పట్టింది.

మన దేశంలో ఆ కథ బొంబాయి మిల్లుల్లో నడిచింది. నేతలో మరక పడితే, దారం తెగితే, ఆ చెడిపోయిన బట్టను నేతగాడికే అంటగట్టి దాని ధర జీతంలో కోసేవాళ్లు. ఆలస్యానికి జరిమానా, మాట జారితే జరిమానా. 1929లో బ్రిటిష్ సర్కారు విట్లీ అనే ఆయన అధ్యక్షతన కార్మికుల మీద ఒక కమిషన్ వేసింది. 1931లో వచ్చిన దాని నివేదిక ఈ కోతలకు, జరిమానాలకు చట్టంతో హద్దు పెట్టాలని చెప్పింది. దాని ఫలితమే 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం. నిజాం ఏలుబడిలో ఉన్న మన ప్రాంతానికి అది వెంటనే రాలేదు. సంస్థానం దేశంలో కలిసినంక వచ్చింది.

ఆ చట్టం చదివితే దాన్ని రాసినవాళ్లు కోతల మాయలన్నీ చూసి రాసినట్టు అనిపిస్తుంది. ముందు గేటు మూసేసింది: జీతంలో ఏ కోతా కోయొద్దు అన్నది. తర్వాత కొన్ని సందులే తెరిచింది: జరిమానా, పనికి రాని రోజులు, చేతికి అప్పగించిన వస్తువు పోగొడితే దాని నష్టం, కంపెనీ ఇచ్చిన ఇల్లు, తీసుకున్న అడ్వాన్సు, పీఎఫ్, ఇట్లాంటివి. జాబితాలో లేని కోత చెల్లదు. ఆ జాబితాలో "డ్రెస్సు" అనే మాట లేదు. జరిమానాకు కూడా నెల జీతంలో నూటికి మూడు రూపాయలు దాటొద్దని హద్దు ఉంది. డ్రెస్సు లేకుండా వచ్చిందని ఒక రోజు జీతమంతా "ఫైన్" పేరుతో పట్టుకుంటే అది ఆ హద్దు దాటినట్టే. నెలకు ఇరవై ఆరు పనిరోజులు అనుకుంటే ఒక్క రోజు జీతం అంటే నూటికి దాదాపు నాలుగు రూపాయలు.

డ్రెస్సు కోతను సమర్థించుకోవాలంటే ఒక్క సందు మిగిలింది. సర్కారు అనుమతించిన "సౌకర్యాలు, సేవల" కోసం కోసుకోవచ్చు అన్నది అది. కానీ దాని పక్కనే ఒక వివరణ పెట్టారు: పనికి కావాల్సిన పనిముట్లు, ముడిసరుకు ఇవ్వడం "సేవ" కిందికి రాదు. మగ్గం అద్దె గుర్తొచ్చిందా? ఇంగ్లండులో 1874లో తేలిన ముచ్చట ఇక్కడ ఒక వాక్యంలో కూర్చుంది. పనిముట్టు అంటే సుత్తె, కత్తెరేనా, బట్ట కూడానా అని వాదన పెట్టొచ్చు. మా ఉద్దేశం అడిగితే, గ్లౌజులు లేకుండా డ్రమ్ము ముట్టుకోనియ్యని చోట గ్లౌజులూ పనిముట్టే, టోపీ లేకుండా లోపలికి రానియ్యని చోట టోపీ కూడా పనిముట్టే.

ఇంకో వివరణ ఉంది. మన అక్కచెల్లెళ్లు అందరూ దీన్ని గుర్తు పెట్టుకుంటే మంచిది. పనిచేసే మనిషి యజమానికి గానీ, యజమాని తరఫు మనిషికి గానీ కట్టే ప్రతి పైసా జీతంలో కోత కిందికే లెక్క. ఎందుకు పెట్టారంటే, "మేము కోయలేదు, ఆమెనే ఇష్టపడి కట్టింది" అనే మాట అప్పట్లోనే ఉండె కాబట్టి. ఇప్పుడూ అదే నడుస్తున్నది. పే స్లిప్పులో కోత కనపడదు. పనికి కుదిరిన రోజే "డ్రెస్సు పైసలు తెచ్చి ఇయ్యమ్మా, సైజు రాసుకుంటా" అని కాంట్రాక్టర్ మనిషి గేటు కాడ చేతికి తీసుకుంటడు. రసీదు ఉండదు. చట్టం కంటికి అది కోతే. మనం ఇన్నేండ్లు దాన్ని ఖర్చు అని రాసుకున్నాం.

ఇంతవరకు జీతం దిక్కు నుంచి వచ్చిన ముక్క. రెండోది ఒంటి దిక్కు నుంచి, అంటే ప్రమాదం దిక్కు నుంచి వచ్చింది. 1948లో ఫ్యాక్టరీల చట్టం చేశారు. అందులో 22వ సెక్షన్ తిరుగుతున్న యంత్రం దగ్గర పని గురించి చెప్తుంది. ఆ పనికి తర్ఫీదు పొందిన మనిషే పోవాలి, ఒంటికి పట్టినట్టుండే బట్టలు వేసుకోవాలి, ఆ బట్టలు ఫ్యాక్టరీ యజమానే ఇవ్వాలి. చూడండి, బట్ట ఎవరిది అనే ప్రశ్నకు ఇంత సూటి జవాబు ఇంకెక్కడా లేదు. వదులు బట్ట యంత్రంలో చిక్కితే చెయ్యి పోతుంది, ప్రాణం పోతుంది. కాబట్టి బట్ట యంత్రం ఖర్చులో భాగం అయింది. 35వ సెక్షన్ కంట్లో తునకలు పడే పనికి అద్దాలు ఇవ్వాలన్నది. విషవాయువు ఉండే తొట్టెల్లోకి దిగే పనికి ఊపిరి పరికరాలు ఉండాలని 36వ సెక్షన్ చెప్పింది. ప్రమాదకరమైన పనుల నిబంధనలు ఇంకా వివరంగా ఉంటాయి. క్రోమియం పూత పూసే పనికి నీళ్లు దిగని ఏప్రాను, రబ్బరు గ్లౌజులు, రబ్బరు బూట్లు ఇవ్వాలి, అవి చినగకుండా మంచిగ ఉంచాలి అని రాసి ఉంటుంది.

చట్టం చివర్లో 114వ సెక్షన్. ఈ చట్టం ప్రకారం యజమాని ఇవ్వాల్సిన ఏ పరికరానికీ, ఏ ఏర్పాటుకూ కార్మికుల దగ్గర పైసా వసూలు చేయొద్దు. క్యాంటీన్ తిండికి మాత్రమే మినహాయింపు. మనం ఈ ముచ్చటలో ఒక్క నెంబరు గుర్తు పెట్టుకోవాలంటే 114 పెట్టుకుందాం.

బొగ్గుబావుల్లో ఇంకా ముందుకు పోయారు. సింగరేణి లాంటి గనులకు అప్పట్లో వర్తించిన 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు, బూట్లు లేకుండా ఎవరూ గనిలోకి దిగొద్దన్నాయి. ఆ బూట్లు ఉచితంగా ఇవ్వాలి, ఆరు నెలలు దాటకుండా మళ్లీ ఇవ్వాలి, స్టాకు ఎప్పుడూ ఉంచుకోవాలి అన్నాయి. ఎంత కాలానికి చినుగుతాయో కూడా లెక్కగట్టి రాసిన నియమం అది. మన దిక్కు బూటు అరిగితే "నువ్వే తెచ్చుకో" అన్న మాట విన్నవాళ్లకు ఈ ఆరు నెలల మాట విచిత్రంగా ఉంటుంది.

ఇక్కడ ఒక చేదు ముక్క కూడా ఉంది. ఒంటికి పట్టిన బట్టలు యజమాని ఇవ్వాలన్న ఆ 22వ సెక్షనే ఆ పనిని మగ కార్మికుడికి మాత్రమే ఇచ్చింది. ఆడవాళ్లు తిరిగే యంత్రాన్ని తుడవొద్దు, నూనె వేయొద్దు, సరిచేయొద్దు అన్నది. కాపాడాలనే అన్నారు, కాదనం. కానీ ఫలితం ఏమైంది? చట్టంలో పనిబట్ట అంటే మగవాడి ఒంటి మీద ఊహించిన బట్ట. చీర కట్టుకుని, కొంగు నడుముకు చెక్కుకుని పని చేసే మనిషి ఆ ఊహలో లేదు. ఈ ముచ్చటకు మళ్లీ వస్తాం.

మన ప్రాంతానికి ఫ్యాక్టరీలు వచ్చిన తీరు అందరికీ తెలిసిందే. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరు పక్కన ఇక్రిశాట్ వచ్చింది. 1973లో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ పుట్టింది. తర్వాతి ఏండ్లలో పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం వరస కట్టాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి ఎంపీగా గెలిచిన కాలం కూడా అదే. మందులు, రసాయనాలు, ఇనుప పనులు, గాజు, ప్లాస్టిక్, తిండి సరుకుల కంపెనీలు అన్నీ వచ్చాయి. పొలాలు పోయాయి. నక్కవాగు నీళ్లు పాడైన సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. అదొక వేరే పుస్తకం.

సర్కారు రంగ సంస్థల్లో యూనియన్లు మాట్లాడి ఒప్పందాలు చేసుకున్నాయి. యూనిఫాం గుడ్డ, కుట్టుకూలి, ఉతుకుడు భత్యం అని వేరువేరుగా సాధించుకున్నాయి. ఈ మూడు మాటలను విడిగా చూడాలి. గుడ్డ ఇస్తే సరిపోదు, కుట్టించుకునే ఖర్చు ఒకటి, వారం వారం ఉతికే సబ్బు, నీళ్లు, శ్రమ ఇంకొకటి. ఆ మూడోది ఇంట్లో ఆడమనిషి చేసే పని కాబట్టి ఎవరి లెక్కలోకీ వచ్చేది కాదు. దాన్ని పైసల్లోకి తెచ్చినవాళ్లు తెలివైనవాళ్లు.

చిన్న కంపెనీల్లో యూనియన్లు లేవు, ఒప్పందాలు లేవు. అక్కడ పని కాంట్రాక్టర్ ద్వారా నడుస్తుంది. "మా మనుషులు కాదు, కాంట్రాక్టర్‌ను అడగండి" అని కంపెనీ, "కంపెనీ రూలు, నాదేమున్నది" అని కాంట్రాక్టర్. ఈ బంతాట తెలిసే 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం తెచ్చారు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే కట్టాలి అన్నది. 1976లో ఫ్యాక్టరీల చట్టంలో "కార్మికుడు" అనే మాట అర్థాన్నే వెడల్పు చేశారు. నేరుగా పెట్టుకున్నా, కాంట్రాక్టర్ ద్వారా వచ్చినా, కంపెనీకి తెలిసి వచ్చినా తెలియక వచ్చినా ఆ ఫ్యాక్టరీలో పని చేసే మనిషి కార్మికుడే. అంటే 114 నెంబరు కాంట్రాక్టు మీద పోయే మనకు కూడా వర్తించింది. 1984లో భోపాల్‌లో వాయువు లీకై వేలమంది చచ్చిపోయినంక, 1987లో ఆ చట్టాన్ని మళ్లీ సవరించారు. పని చేసే చోట ఏం ప్రమాదం ఉందో, దాని నుంచి ఎట్ల కాపాడుకోవాలో తెలుసుకునే హక్కు కార్మికుడికి రాతలో వచ్చింది.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. మన దిక్కు కంపెనీలో "డ్రెస్సు" అన్న ఒక్క మాట కింద మూడు రకాల బట్టలున్నాయి. ఒకటి మనల్ని కాపాడేది: గ్లౌజులు, బూట్లు, అద్దాలు, మాస్కు. రెండోది సరుకును మన నుంచి కాపాడేది. మందుల కంపెనీలో తల వెంట్రుక పడకుండా టోపీ, తెల్ల గౌను, మూతికి గుడ్డ. మందుల తయారీకి షెడ్యూల్ ఎం అనే నిబంధనలున్నాయి. శుభ్రమైన పైబట్టలు, బట్టలు మార్చుకునే గదులు ఉండాలని అవి చెప్తాయి. కంపెనీ లైసెన్సు దాని మీద ఆధారపడి ఉంటుంది. మూడోది కంపెనీ పేరు కనపడడానికి వేసే చొక్కా, వాచ్‌మన్ డ్రెస్సు, హోటల్లో, మాల్‌లో ఒకే రంగు బట్టలు.

సూక్ష్మజీవి కూడా రాకూడని గదిలోకి పోయే గౌనుకు మన దగ్గర పైసలు అడిగారని మేమెన్నడూ వినలేదు. కారణం సులువు. ఆ గౌను ఇంటికి పంపితే కంపెనీకే నష్టం. వాళ్లే ఉతుకుతారు, వాళ్లే ఇస్త్రీ చేస్తారు, చినిగితే వాళ్లే మారుస్తారు. మందు బిళ్లకు మరక అంటకుండా చూసే బట్ట ఖర్చు కంపెనీది అవుతుంది. మన కాలికి దెబ్బ తగలకుండా చూసే బూటు దగ్గరికి వచ్చేసరికి "ఎవరిది?" అనే ప్రశ్న పుడుతుంది. చట్టంలో చూస్తే బూటుకే ఎక్కువ బలం ఉంది. కార్యంలో గౌనుకే మర్యాద.

మూడో రకం దగ్గర చట్టం సన్నబడుతుంది. వాచ్‌మన్ డ్రెస్సు ప్రమాదం నుంచి కాపాడేది కాదు కాబట్టి 114 దానికి సూటిగా తగలదు. అక్కడ మనకున్నది 1936 నాటి గేటు ఒక్కటే: జీతంలో కోసినా, చేతికి తీసుకున్నా కోతే, జాబితాలో లేకుంటే చెల్లదు. అందుకే తెలివైన యజమాని కోయడు, తీసుకోడు. "నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, నల్ల బూట్లు బజార్ల కొనుక్కుని రా" అంటడు. పైసలు దుకాణం ఆయనకు పోతాయి. యజమాని చేతికి ఏమీ రాలేదు. కోత లేదు. సందు ఇదీ.

ఈ సందును బ్రిటన్‌లో ఇంకో తొవ్వన పట్టుకున్నారు. 2018 మార్చిలో అక్కడి సర్కారు కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చిన యజమానుల జాబితా ప్రకటించింది. అందులో వాగమామా అనే హోటళ్ల సంస్థ ఉంది. పైన కంపెనీ చొక్కా ఇచ్చి, కింద నల్ల జీన్సో స్కర్టో మీరే వేసుకురండి అన్నది వాళ్ల పద్ధతి. ఆ నల్ల బట్ట కూడా పని కోసమే కొన్నదని, దాని ఖర్చు తీసేస్తే చేతిలో మిగిలింది కనీస వేతనం కంటే తగ్గిందని లెక్క తేల్చారు. 2,630 మందికి 1,33,000 పౌండ్ల దాకా కట్టాల్సి వచ్చింది. బజారులో కొన్న బట్టను కూడా జీతం లెక్కలోకి లాగిన తీరు ఇది. అమెరికాలో 2007 నవంబర్‌లో చేసిన నియమం రక్షణ సామగ్రి ఖర్చు యజమానిదే అంటూనే, పని బయట కూడా వేసుకోనిచ్చే మామూలు సేఫ్టీ బూట్లకు మినహాయింపు ఇచ్చింది. అంటే అక్కడ ప్రశ్న "ఇది పనికే పనికొస్తుందా, పెండ్లికి కూడా వేసుకుపోవచ్చా" అని. మన దిక్కు ఇనుప టోపు బూట్లు వేసుకుని ఎవరూ పెండ్లికి పోరు. మనకు ఆ మినహాయింపు అక్కరలేదు.

ఇందాక ఆపిన చీర ముచ్చట. ఫ్యాక్టరీకి పోయే మన సభ్యుల్లో చానామంది చీర మీదనో, పంజాబీ డ్రెస్ మీదనో కంపెనీ చొక్కా తొడుక్కుంటారు. ఉచితంగా ఇచ్చిన చోట కూడా ఆ చొక్కా, గ్లౌజులు, బూట్లు మగవాళ్ల సైజుల్లో ఉంటాయి. గ్లౌజు వదులైతే పట్టు జారుతుంది. బూటు పెద్దదైతే కాలు బొబ్బలెక్కుతుంది. మెట్లు దిగేటప్పుడు అదే ప్రమాదం. అప్పుడు సూపర్‌వైజర్ "మంచిది కావాలంటే మీరే కొనుక్కోండి" అంటడు, మనం కొనుక్కుంటం. ఇచ్చినట్టూ అయింది, ఖర్చు మన మీద పడ్డట్టూ అయింది. సరిపోని బూటు ఇచ్చినా ఇవ్వనట్టే అని మేము గట్టిగా అనుకుంటున్నాం. వేసుకునే బాధ్యత కార్మికుల మీద కూడా ఉందని అదే చట్టం 111వ సెక్షన్‌లో చెప్పింది. మరి వేసుకోదగ్గది ఇవ్వాలి కదా.

బట్టతోనే అన్నీ కావు. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలో పేలుడు జరిగి యాభై మందికి పైగా చచ్చిపోయారు. కొందరిని డీఎన్ఏ పరీక్ష చేసి గుర్తు పట్టాల్సి వచ్చింది. అంత మంటకు ఏ గ్లౌజు, ఏ బూటు ఆగుతుంది? కానీ ఆ ఘటన తర్వాత గేటు కాడ రక్షణ గురించి అడగడం మన ఆడవాళ్లకు కొంత సులువైంది. అడిగితే ఇంతకుముందులా నవ్వరు.

సర్కారు కింద పనిచేసే మన వాళ్ల సంగతి కూడా ఈ చరిత్రలో భాగమే. అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు ఏడాదికి రెండు చీరలు ఇవ్వాలని పథకంలోనే పెట్టారు. మన గ్రామ సంఘాల పుస్తకాలు రాసే వీవోఏలు ఏండ్ల తరబడి కొట్లాడినంక, 2023లో రాష్ట్ర సర్కారు వాళ్ల నెల వేతనాన్ని 8,000 రూపాయలకు పెంచింది. ఆ నిర్ణయంలోనే వాళ్ల యూనిఫాం కోసం పైసలు ఇస్తామని కూడా చేర్చింది. అదే రంగు చీర కట్టుకుని రావాలన్న షరతు ఉన్నప్పుడు ఆ చీర ఎవరు కొనాలి అన్న ప్రశ్న వాళ్లు వేశారు, రాతలో జవాబు తెచ్చుకున్నారు. 2024లో సర్కారు బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని మన సంఘాలకు వచ్చింది. కుట్టుకూలి జతకు 50 నుంచి 75 రూపాయలకు పెరిగింది. గుడ్డకు ధర వేరు, కుట్టుకు ధర వేరు అని మనకు చేతితో తెలిసింది.

ఇక ఇప్పటి మాట. పాత చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. 114 చెప్పిన ముచ్చట 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో యజమాని బాధ్యతల కిందికి పోయింది: పనిచోట భద్రత, ఆరోగ్యం కోసం చేసిన దేనికీ, ఇచ్చిన దేనికీ ఏ ఉద్యోగి దగ్గరా రుసుము తీసుకోవద్దు. పనిలో చేరినప్పుడు నియామక పత్రం కూడా ఇవ్వాలి. 1936 చట్టం గేటు 2019 నాటి వేతనాల కోడ్‌లోకి వచ్చింది. యజమానికో, ఆయన మనిషికో కట్టిన పైసలు కోతే అన్న వివరణ అందులోనూ ఉంది. అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటొద్దన్న హద్దూ ఉంది. బజారులో కొనిపించే సందును మాత్రం కొత్త కోడ్‌లు కూడా మూయలేదు.

అక్రమ కోత మీద దరఖాస్తు పెట్టడానికి పాత చట్టంలో పన్నెండు నెలలే గడువు. ఇప్పుడు మూడేండ్లు. కోసిన పైసలు తిరిగి ఇప్పించడమే కాకుండా, దానికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఉంది. దరఖాస్తు కార్మిక శాఖ దగ్గర పెట్టాలి. దానికి కావాల్సింది పే స్లిప్పు. అది లేకుంటే జీతం పడిన బ్యాంకు పాసుబుక్కు, ఫోన్‌పే చేసి ఉంటే ఆ మెసేజు. చేతికి ఇచ్చి ఉంటే ఏ తేదీన, ఎంత, ఎవరికి ఇచ్చామో అదే రోజు రాసి పెట్టుకున్న కాగితం, పక్కన నిలబడ్డ ఇద్దరు తోటివాళ్ల సంతకాలు ఉండాలి.